కొత్త స్టేడియం కింద గది

హాల్వర్
1971 సెప్టెంబరు 5

తమ్ముడు ఆర్విడ్‌కి,

నిన్న మధ్యాహ్నం రోల్ఫ్‌ని బస్సెక్కించి వచ్చాను. ఈపాటికి నీ కాలేజీలో, నీ కళ్ళెదుటే ఉండి ఉంటాడు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ మా లైన్ మీదే ఇంకో నాలుగిళ్ళ ఫోన్లున్నాయి, ఎవరెత్తినా మన మాటలు వినిపిస్తాయి, అందులో ఆల్మా ఒకతి. నేను రిసీవర్ ఎత్తితే చాలు, ఆవిడ ఊపిరి వినిపిస్తుంది. మన ఇంటి సంగతులు ఆవిడ నోటి మీదుగా చర్చికి చేరేకంటే ఉత్తరమే నయం.

బస్సు దగ్గర వాడు ఏడవలేదు, నేనూ ఏడవలేదు. "అమ్మా, ఇక నువ్వెళ్ళు, బస్సులో అందరూ చూస్తున్నారు" అన్నాడు. "చూడనీరా, కన్నదాన్ని కాకపోతే ఎవరు నిలబడతారిక్కడ?" అన్నాను. పెట్టె మోసిన ఆ భుజాలు చూస్తే అచ్చం మెల్విన్. మార్చిలో రాష్ట్ర కుస్తీ పోటీల్లో గెలిచిన రోజు ఇంటికొచ్చి ఒక కోడిని ఒక్కడే తినేశాడు. తిని, "ఇంకేముంది?" అని అడిగాడు. ఆ మాట విన్నాక నాకు వేరే పతకాలు అక్కర్లేదనిపించింది.

మెల్విన్ పోయి నాలుగేళ్ళయింది. బుగ్గన పొగాకు పెట్టుకుని తిరిగినవాడు, చివరికి నీళ్ళు కూడా మింగలేక పోయాడు. అదంతా రోల్ఫ్ దగ్గరుండి చూశాడు. పద్నాలుగేళ్ళవాడు చూడాల్సింది కాదది. అప్పటి నుంచీ వాడు నాకు బిడ్డ తక్కువ, తోడు ఎక్కువ.

తండ్రి లేని పిల్లాడికి మేనమామే దిక్కంటారు. నువ్వు కాలేజీ క్రీడలన్నిటికీ డైరెక్టరువి. ఎన్ని జట్లు, ఎంతమంది కోచ్‌లు నీ కింద ఉన్నారో నాకు తెలియదు. వాణ్ణి ఆదివారం ఆదివారం మీ ఇంటికి పిలిచి కడుపునిండా పెట్టమని మరదలు బెర్నీస్‌కి చెప్పు. అంతకంటే ఏమీ అడగను.

అవునూ, నీ స్టేడియం ఎంతవరకు వచ్చింది?

నీ అక్క
సోల్వేగ్


లార్చ్‌వుడ్
సెప్టెంబరు 21

అక్కా,

నీ ఉత్తరం అందింది. రోల్ఫ్ క్షేమంగా చేరాడు. స్టేడియం సంగతి ముందు చెప్పనీ, లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఉక్కు దూలాలు పైకెక్కాయి. ఇంకో నెలకి కప్పు పడుతుంది. దీనికోసం పదేళ్ళు తిరిగానక్కా! శాసనసభ్యుల చుట్టూ, ధాన్యం వ్యాపారుల చుట్టూ, ఆఖరికి ఊళ్ళో పళ్ళ డాక్టరు చుట్టూ కూడా. ఇన్నాళ్ళూ గుర్రాల కొట్టంలాంటి పాత హాల్లో ఆడారు మావాళ్ళు. జనవరి పదిహేనున ప్రారంభం. మొదటి పోటీ బాస్కెట్‌బాల్ కాదు, కుస్తీ. ఎందుకంటావా? ఆ రోజు గెలవాలి, గెలిచేది కుస్తీవాళ్ళే.

అదంతా డ్వేన్ క్రెబ్స్ చలవ. కుస్తీ కోచ్. వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు మా కుర్రాళ్ళకి వెల్లకిలా పడుకోవడం తప్ప ఇంకేమీ రాదని ఊరంతా నవ్వేది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. మనిషి మాట కటువు, పని శుద్ధం.

రోల్ఫ్ హాల్లో ఎదురుపడితే "గుడ్ మార్నింగ్ సార్" అన్నాడు. అది మేమిద్దరం చేసుకున్న ఒప్పందం. ఈ భవనంలో వాడికి నేను మావయ్యను కాను. ఆదివారం భోజనాలు కూడా ఇప్పుడే వద్దనుకున్నాను. నా ఇంట్లో ఒక్క పూట తింటే మర్నాటికి జట్టంతా "డైరెక్టరుగారి మేనల్లుడు" అని వేళ్ళు చూపిస్తారు. వాడు తన కాళ్ళ మీద నిలబడితేనే వాడికి గౌరవం.

ఇంకో సంగతి. వాడి బరువు తరగతిలో ఇప్పటికే నాలుగో సంవత్సరం కుర్రాడొకడు గట్టివాడున్నాడు. అందుకని రోల్ఫ్‌ని రెండు బరువు తరగతులు కిందికి దించి ఆడిస్తానంటున్నాడు క్రెబ్స్. అంటే కాస్త బరువు తగ్గాలి. నీ వంటకి దూరమయ్యాడు కదా, దానంతటదే తగ్గుతుందిలే.

బెర్నీస్ నిన్ను అడిగానని చెప్పమంది.

ఆర్విడ్


హాల్వర్
అక్టోబరు 17

తమ్ముడూ,

బీటుదుంపల కోత మొదలైంది. పగలూ రాత్రీ లారీలు. రోడ్డంతా బురద, ఇల్లంతా దుమ్ము. నేను వంట చేసే వృద్ధాశ్రమంలో ముసలాళ్ళు ఈ లారీల మోతకి తెల్లారకుండానే లేచి కూర్చుని కాఫీ అడుగుతున్నారు.

అసలు విషయానికి వస్తాను. పోయిన వారం రోల్ఫ్‌కి ఒక పెట్టె పంపాను. లెఫ్సా రొట్టెలు, బంగాళాదుంపలు మెత్తగా కలిపి అమ్మ చేసినట్టే పలచగా ఒత్తినవి. మాంసం ఉండలు, సీసాలో చోక్‌చెర్రీ జామ్. బదులుగా ఒక కార్డు వచ్చింది. "అమ్మా, తినేవి ఏమీ పంపకు. దయచేసి." అంతే. కింద పేరు.

కొడుకు తల్లికి "దయచేసి" అని రాస్తాడా? నేనేమైనా పరాయిదాన్నా? ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నాకు తోచింది చెబుతాను, తప్పయితే తిట్టు. వాడు సిగ్గుపడుతున్నాడు. ఊరి వాసన కొట్టే పెట్టె విప్పితే గదిలో కుర్రాళ్ళు నవ్వారేమో. లేకపోతే అమ్మాయెవరైనా ఉందేమో. ఉంటే ఉండనీ, ఉన్నంత మాత్రాన తిండి మానేస్తారా?

నువ్వు ఒకసారి వాడితో మాట్లాడి నాకు రాయి.

అక్క


లార్చ్‌వుడ్
నవంబరు 3

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మన నాన్న మిలటరీలో ఉన్నప్పుడు నానమ్మ పంపిన చేపల డబ్బా మీద పడి ఎంతమంది ఎన్ని మాటలన్నారో నాన్న చెప్పింది మరిచిపోయావా? మగపిల్లలింతే.

అమ్మాయి సంగతి నిజమే అనుకుంటాను. విద్యార్థుల భోజనశాలలో వడ్డించే పిల్లతో మాట్లాడుతూ రెండుసార్లు కనిపించాడు. ఆ పిల్ల ఏదో ఇవ్వబోతే వీడు వద్దని తలూపుతున్నాడు. బిడియం కాబోలు.

కష్టపడుతున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కప్పు పడ్డాక స్టేడియం మెట్లమీద కుస్తీవాళ్ళని పరిగెత్తిస్తున్నాడు క్రెబ్స్. నిన్న నేను గుత్తేదారుతో పాటు వెళ్ళేసరికి రోల్ఫ్ ఒక్కడే పైకీ కిందికీ పరిగెత్తుతున్నాడు. ఒంటి మీద రెండు ఉన్ని కోట్లు, తలకి టోపీ. మేం మాట్లాడుకున్నంతసేపూ వాడి బూట్ల చప్పుడు ఆగలేదు. "ఎవరండీ ఆ కుర్రాడు, పిచ్చివాడిలా ఉన్నాడు?" అన్నాడు గుత్తేదారు. నా మేనల్లుడని చెప్పాలనిపించింది, గర్వంగానే. చెప్పలేదు.

ఒక్క విషయం మాత్రం నీకు చెప్పక తప్పదు. వాడు ఎక్కడికెళ్ళినా చేతిలో ఒక కాగితం కప్పు, అందులో ఉమ్ముకుంటూ ఉంటాడు. క్లాసులో కూడా అలాగే కూర్చుంటున్నాడని ఒక మాస్టారు నాతో అన్నాడు. పొగాకే అయి ఉంటుంది. వాళ్ళ నాన్నని అలా చూసిన పిల్లాడు దాని జోలికి ఎలా వెళ్ళాడో నాకు అర్థం కాదు. డైరెక్టరుగా అడిగితే శిక్ష వెయ్యాల్సి వస్తుంది. మావయ్యగా అడుగుదామంటే ఆ హాలు దానికి చోటు కాదు. నువ్వే ఒక మాట గట్టిగా రాయి.

ఆర్విడ్


హాల్వర్
నవంబరు 28

ఆర్విడ్,

నువ్వు చెప్పినట్టే గట్టిగా రాశాను. నా చేత్తో కొడుకుకి ఎన్నడూ రాయని మాటలు రాశాను. "మీ నాన్న మంచం పక్కన కూర్చుని నువ్వు నేర్చుకున్నది ఇదా?" అని కూడా రాశాను. "నేను పొగాకు ముట్టలేదమ్మా" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. నేను నమ్మలేదు.

థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంటికి వచ్చాడు. తలుపు తీసి ముందు గుర్తుపట్టలేదు. చెంపలు లోపలికి పోయి, కళ్ళు గుంటలు పడి ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే ఐసుముక్క. అన్నిటికంటే నన్ను భయపెట్టినవి ఆ పెదాలు. ఆగస్టులో ఎండిన చెరువుగట్టులా పగిలి ఉన్నాయి. నోరు వాసన చూశాను ఆర్విడ్, సిగ్గులేకుండా, చిన్నపిల్లాడికి చూసినట్టు. పొగాకు వాసన లేదు. ఇంకేదో ఉంది, కుళ్ళిన పండు వాసనలాంటిది.

టర్కీ కోడి వండాను. పాస్టరుగారి కుటుంబాన్ని కూడా పిలిచాను. వాడు మాంసాన్ని సన్నసన్న ముక్కలుగా కోశాడు, కంచంలో ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిపాడు, మళ్ళీ కోశాడు. పాస్టరుగారు "ఏం నాయనా, కాలేజీ తిండి అంత బావుంటుందా, అమ్మ వంట నచ్చడం లేదు?" అని నవ్వాడు. వాడూ నవ్వాడు. నవ్వగానే కింది పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

మర్నాడు పొద్దున గరాజులోంచి కారు ఇంజను చప్పుడు వినిపిస్తే వెళ్ళాను. పెద్దతలుపు తెరిచే ఉంది, దేవుడి దయ. వాడు కార్లో కూర్చున్నాడు. అద్దాలన్నీ పైకెత్తి, హీటరు పూర్తిగా తిప్పి, ఒంటి మీద రబ్బరు బట్టలు తొడుక్కుని, పైన వాళ్ళ నాన్న చలికోటు. అద్దాలకి లోపల్నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను డోరు లాగాను. వాడు నా వంక చూసి, కోపం లేకుండా, చాలా మర్యాదగా, "అమ్మా, డోరు వెయ్యి. వేడి పోతుంది" అన్నాడు.

నేను వెయ్యలేదు. నన్ను తోసి వాడే వేసుకున్నాడు.

ఇది కాస్త బరువు తగ్గడం కాదు. నువ్వు పెద్దవాడివి కదా అక్కడ, ఆ కోచ్ నీ కింద పనివాడే కదా. వాడితో మాట్లాడు. రేపు కాదు, ఇవాళే.

సోల్వేగ్


లార్చ్‌వుడ్
డిసెంబరు 6

అక్కా,

ఉత్తరం చదివిన రోజే క్రెబ్స్‌ని పిలిపించాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"రోల్ఫ్ హాగెన్ ఎలా ఉన్నాడు?" అన్నాను.

"మీ మేనల్లుడని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు సార్" అన్నాడు. "అందుకే వాణ్ణి అందరికంటే గట్టిగా పట్టుకున్నాను. వదిలేస్తే మీకే మాటొస్తుంది."

"వాళ్ళమ్మ భయపడుతోంది."

"అందరి అమ్మలూ భయపడతారు సార్. భయపడని అమ్మ కొడుకుని నేనింతవరకు చూడలేదు. డాక్టరుగారు చూశాడు, సంతకం పెట్టాడు. మీరు ఆపమంటే ఈ నిమిషమే ఆపుతాను. ఆ మాట మీరే కుర్రాడికి చెప్పండి. మిగతా ఇరవైమంది తల్లులకి కూడా మీరే చెప్పండి, వాళ్ళ పిల్లలకి మావయ్య లేడని."

నేను ఆపమనలేదు. దేశంలో ప్రతి కాలేజీలోనూ కుస్తీవాళ్ళు బరువు తగ్గుతారు అక్కా, ఇది మేం కనిపెట్టింది కాదు. అయినా గరాజులో ఆ పని చెయ్యకూడదని వాడికి కబురు పంపాను. ప్రారంభం అయ్యేదాకా కాస్త ఓపిక పట్టు. ఆ తరవాత వాణ్ణి పై తరగతికి మార్చమని నేనే అడుగుతాను.

ఒకటి మాత్రం నా మనసులో మెదులుతోంది. మొన్న రోల్ఫ్ నా ఆఫీసుకొచ్చాడు. నేను ఫోన్లో ఉన్నాను, కుర్చీలు ఇంకా రాలేదని కంపెనీవాళ్ళతో గొడవ. గుమ్మంలో నిలబడి "మావయ్యా" అన్నాడు. ఈ భవనంలో అలా పిలవడం అదే మొదటిసారి. ఒక్క నిమిషం అని వేలు చూపించాను. ఫోన్ పెట్టేసి చూస్తే లేడు. హాల్లోకి వెళ్ళాను, అక్కడా లేడు. కుశలం అడగడానికి వచ్చాడేమో.

ఆర్విడ్


హాల్వర్
డిసెంబరు 19

ఆర్విడ్,

కుశలం అడగడానికి రాలేదు.

నిన్న మీ జట్టు మా జిల్లాకి దగ్గర్లో ఆడింది. మంచు పడుతున్నా కారేసుకుని వెళ్ళాను. వాడు గెలిచాడు. రెఫరీ చెయ్యి పైకెత్తితే చుట్టూ జనం కేకలు. వాడి కళ్ళు ఎక్కడా నిలవడం లేదు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడితే "థాంక్స్ మేడమ్" అని పక్కకి తప్పుకోబోయాడు. నన్ను ఆర్విడ్! తరవాత గుర్తుపట్టి నవ్వాడులే. ఆ మధ్యలో గడిచిన క్షణం నా ప్రాణం ఉన్నంతవరకు నాతోనే ఉంటుంది.

వాడి గదిలోనే ఉండే టెర్రీ లండ్ అనే కుర్రాడు బయట బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. వాడూ జట్టులోవాడే, పీలగా, చెవులు వాచిపోయి. "పిన్నిగారూ, నేను చెప్పానని కోచ్‌కి తెలియకూడదు" అన్నాడు. కొత్త స్టేడియం కింద బాయిలర్ గది ఉందట. పోటీ తూకానికి ముందు రోజు బరువు ఎక్కువున్నవాళ్ళని అందులో పెట్టి, రబ్బరు బట్టలేసి, సైకిలు తొక్కిస్తారట. తలుపు కింద పరుపు ముక్కలు దూర్చి వేడి బయటికి పోకుండా చేస్తారట. "నీళ్ళిస్తారా?" అని అడిగాను. "పుక్కిలించి ఉమ్మెయ్యడానికి ఇస్తారు" అన్నాడు.

ఆ కాగితం కప్పు గురించి కూడా అప్పుడే తెలిసింది. అది పొగాకు కాదు. ఒంట్లో ఉన్న నీరు చుక్క చుక్కా తగ్గించుకోవడానికి రోజంతా ఉమ్ముకుంటారట, పిల్లలందరూ. నా కొడుకు నాకు నిజం చెప్పాడు. నేను వాడి తండ్రి చావు ఎత్తి వాణ్ణి కొట్టాను. అందుకే వాడు నాకేమీ చెప్పడం మానేశాడు. ఇంకెవరూ లేక నీ గుమ్మంలోకి వచ్చి మావయ్యా అన్నాడు. నువ్వు వేలు చూపించావు.

ఆ గది నీ స్టేడియం కిందే ఉంది. తాళాలు నీ దగ్గర లేవా? కిందికి దిగి చూడు. నాకు జవాబు రాయొద్దు, ముందు చూడు.

సోల్వేగ్


లార్చ్‌వుడ్
1972 జనవరి 24

అక్కా,

ఆసుపత్రి వరండాలో అసలేం జరిగిందని నువ్వు అడిగితే నేను సరిగ్గా చెప్పలేకపోయాను. బెర్నీస్ ఉంది, నర్సులున్నారు. ఇప్పుడు చెబుతాను.

నీ డిసెంబరు ఉత్తరం క్రిస్మస్ టపాలోనూ తుపానులోనూ చిక్కుకుని జనవరి మొదటి వారంలో గానీ నా బల్లమీదికి రాలేదు. చదవగానే లేచాను. మధ్యాహ్నం. పైన హాల్లో పెయింటర్లు గోడ మీద పెద్ద డేగ బొమ్మకి రెక్కలు దిద్దుతున్నారు. ఒకడు "సార్, కళ్ళు ఎర్రగా వెయ్యమంటారా?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా మెట్లు దిగాను.

తలుపు తెరుచుకోలేదు. అవతల పరుపులు అడ్డం. భుజంతో నెట్టాను. మొహం మీదికి వచ్చిన వేడి పొయ్యిలోంచి వచ్చినట్టుంది. ఆవిరిలో ఏమీ కనిపించలేదు. సైకిలు చక్రం తిరిగే చప్పుడొకటే వినిపిస్తోంది. నలుగురు కుర్రాళ్ళున్నారు. నన్ను చూసి ఒక్కడు కూడా తొక్కడం ఆపలేదక్కా. ఆపొచ్చని వాళ్ళకి తోచలేదు. క్రెబ్స్ చొక్కా విప్పి స్టూలు మీద కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. "తలుపు, సార్" అన్నాడు.

రోల్ఫ్ సైకిలు మీద లేడు. పైపుల పక్కన గోడకి చేరగిలబడి ఉన్నాడు. మొహం ఎర్రగా ఉంది, చెమట లేదు. ఒంట్లో చెమట అయిపోయిందని తరవాత డాక్టరు చెప్పాడు. "ఎంతుందో చూడండి, ఎంతుందో చూడండి" అని గొణుగుతున్నాడు. తన బరువు ఎంతుందో చూడమని.

"కాసేపాగితే లేస్తాడు సార్. రోజూ ఉండేదే" అన్నాడు క్రెబ్స్.

వాణ్ణి ఎత్తుకుని మెట్లెక్కాను. అక్కా, ఆ బరువు నీకు చెప్పలేను. బయట మంచులో పడుకోబెట్టి రబ్బరు బట్టలు కత్తిరించాము, పెయింటరు కత్తితోనే. ఆ పైన నీకు తెలుసు. రెండు మూత్రపిండాలూ మూడు రోజులపాటు పనిచెయ్యలేదు, తరవాత చేశాయి. ఇంకో గంటైతే చెయ్యకపోయేవన్నాడు డాక్టరు.

క్రెబ్స్ ఉండటానికి వీల్లేదని కాలేజీ అధ్యక్షుడు హాస్కెట్ దగ్గర తెగేసి చెప్పాను. "సరే ఆర్విడ్. వెళ్ళిపోతాడు. కానీ సొంత కారణాల మీద వెళ్ళిపోతాడు. ఆసుపత్రి ఖర్చంతా కాలేజీదే. బాయిలర్ గదికి తాళం నువ్వే వెయ్యి. దాని గురించి మాత్రం ఎవరూ ఎక్కడా మాట్లాడకూడదు. పత్రికలకెక్కితే క్రెబ్స్ ఒక్కడే పోడు. ఆ భవనం పోతుంది, నువ్వూ పోతావు, ఇంకో పదేళ్ళు ఈ కాలేజీకి ఎవరూ పిల్లల్ని పంపరు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. క్రెబ్స్ ఇక్కణ్ణుంచి పోవడం ముఖ్యం అనుకున్నాను. పోతున్నాడు.

పదిహేనున ప్రారంభం జరిగింది, బాస్కెట్‌బాల్‌తో. ఓడిపోయాం.

రోల్ఫ్ నాతో మాట్లాడతాడా?

ఆర్విడ్


హాల్వర్
ఫిబ్రవరి 13

తమ్ముడూ,

వాడు బతికాడు. నువ్వు ఎత్తుకొచ్చావు. ఆ ఒక్కదానికి నేను రోజూ నీ పేరు చెప్పి దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఇది ముందుగా రాస్తున్నాను, తరవాత రాసేది చదివి మరిచిపోకు.

వాడు నీతో మాట్లాడనంటున్నాడు. "నా పోటీ లాగేసుకున్నాడు మావయ్య. ఇంకో అరగంటైతే సరిపోయేవాణ్ణి" అన్నాడు నిన్న. ఈ మాట వాడు గంజి తాగుతూ అన్నాడు. క్రెబ్స్ ఒంట్లోంచి వెళ్ళాడు గానీ తలలోంచి వెళ్ళలేదు. దానికెన్నాళ్ళు పడుతుందో డాక్టరు చెప్పలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. క్రెబ్స్ పోతున్నాడన్నావు. ఎక్కడికి? మన మందలోంచి తోలేసిన తోడేలు గడ్డి మేస్తుందా ఆర్విడ్? వాడికి కుస్తీ తప్ప ఇంకో పని రాదు. ఇంకో కాలేజీకి వెళ్తాడు. అక్కడా బాయిలరు ఉంటుంది. అక్కడివాళ్ళకి చెప్పావా?

నువ్వు మాట ఇచ్చావని తెలుసు. నేనివ్వలేదు. అయినా రోల్ఫ్ పేరు పేపరుకెక్కితే వాడు తట్టుకోలేడని నోరు మూసుకున్నాను. కాబట్టి నిన్నొక్కణ్ణే అనడం లేదు. నువ్వు చెబితే చాలు, పేరు లేకుండా, ఒక డైరెక్టరు ఇంకో డైరెక్టరుకి చెప్పినట్టు. అది చెయ్యి.

అక్క


లార్చ్‌వుడ్
మార్చి 30

అక్కా,

ఆలస్యానికి క్షమించు. సీజను ముగింపు లెక్కలు, ఫలకం పని. స్టేడియం గుమ్మం పక్కన ఇత్తడి రేకు మీద నా పేరు కూడా చెక్కారు. బెర్నీస్ ఫోటో తీసింది, నీకు పంపుతుంది.

క్రెబ్స్‌ని దక్షిణాదిలో ఒక కాలేజీవాళ్ళు తీసుకుంటున్నారు. వాళ్ళ డైరెక్టరు పోయిన వారం ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, వయసులో నాకంటే చిన్నవాడు. "అతను గెలిపిస్తాడా?" అని అడిగాడు. గెలిపిస్తాడన్నాను. అది అబద్ధం కాదు. "ఇంకేమైనా మాకు తెలియాల్సింది ఉందా?" అన్నాడు.

అక్కా, అప్పుడు నేను కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన కనిపెడతాడనుకున్నాను, అనుభవమున్నవాడు కనిపెట్టాలి. "చాలా కఠినంగా ఉంటాడు" అన్నాను. ఆయన నవ్వి, "మాకు కావాల్సింది అదే" అన్నాడు.

హాస్కెట్‌కి నేనిచ్చిన మాట ఉంది. అదీకాక క్రెబ్స్‌కి కూడా బుద్ధొచ్చి ఉంటుంది. ఒక పిల్లాడు చేతుల్లోనే పోబోతే ఎవరికి రాదు? బాయిలర్ గది తాళం నా జేబులోనే ఉంది. ఇక్కడ ఇంకెవరికీ అలా జరగదు. అంతవరకు నేను పూచీ.

రోల్ఫ్‌ని అడిగానని చెప్పు.

ఆర్విడ్


హాల్వర్
1972 డిసెంబరు 10

ఆర్విడ్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నవంబరు చివర్లో రోల్ఫ్ తను పనిచేసే చక్కెర మిల్లు నుంచి పేపరు పట్టుకొచ్చాడు. ఆటల పేజీలో, కింద మూల, నాలుగు వాక్యాలు. దక్షిణాదిన ఒక కాలేజీలో వెండెల్ ట్రీస్ అనే పందొమ్మిదేళ్ళ కుస్తీ కుర్రాడు సాధన చేస్తూ గుండె ఆగి చనిపోయాడు. కోచ్ డ్వేన్ క్రెబ్స్, జట్టు తీరని దుఃఖంలో ఉందని చెప్పాడు. అంతే.

రోల్ఫ్ అది బల్ల మీద పెట్టి కోటు కూడా విప్పకుండా నిలబడ్డాడు. "సాధన చేస్తూ కాదమ్మా" అన్నాడు. తరవాత బయటికెళ్ళి కొట్టంలో కూర్చున్నాడు. నేను పిలవలేదు. చీకటి పడేముందు వచ్చి, పది నెలల్లో మొదటిసారి, ఆ గదిలో ఏం జరిగేదో మొదటి నుంచీ చెప్పాడు. తనకంటే ముందు ఎవరెవరు పడిపోయారో కూడా. చెబుతూ చెబుతూ, "అరగంట ఆగి ఉంటే సరిపోయేవాణ్ణన్నాను కదా. ఆ అరగంటలో ఈ వెండెల్ పోయాడమ్మా" అన్నాడు.

మర్నాడే బయలుదేరాం. వాడే నడిపాడు. దారిలో రెండు రోజులూ ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు. ఆ ఊళ్ళో మంచు లేదు, వాన. ట్రీస్ వాళ్ళది పెట్రోలు బంకు పక్కన చిన్న ఇల్లు. తల్లి పేరు నడీన్. నా వయసే ఉంటుంది. మేమెవరమో, ఎక్కడి నుంచి వచ్చామో గుమ్మంలోనే చెప్పాను. లోపలికి రమ్మంది. చావు ఇల్లు కదా, చర్చివాళ్ళు తెచ్చిన వంటలు బల్ల నిండా ఉన్నాయి, మూతలు కూడా తియ్యలేదు.

రోల్ఫ్ చెప్పాడు. నేను చెప్పనివ్వనేమోనని నా వైపు చూడకుండా చెప్పాడు. రబ్బరు బట్టల దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపి, లోపలికెళ్ళి ఒక జత తెచ్చి వాడి ఒళ్ళో పెట్టింది. "ఇవేనా?" అంది. "ఇవే" అన్నాడు. "వాన కోటేమో అనుకున్నాను. ఉతికి ఆరేశాను" అంది.

కాసేపటికి నన్ను చూసి, "మీవాడు బతికాడు. సంతోషం. నిజంగానే సంతోషం. కిందటి జనవరి మాట ఇది. మా వెండెల్ ఏప్రిల్లో ఆ కాలేజీకి సంతకం పెట్టాడు. ఈ మధ్యలో మీరెవరికీ ఎందుకు చెప్పలేదు?" అంది.

దారి పొడుగునా ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే వెళ్ళాను. కొడుకు పరువు అన్నాను. ఆవిడ తలూపింది. నన్ను క్షమించడానికి కాదు, విన్నానని.

"మీకు తెలుసు సరే, మీవాడి కాలేజీ డైరెక్టరుకి తెలియదా?" అని తరవాత అడిగింది. రోల్ఫ్ నా వైపు చూశాడు. నేను అబద్ధం చెప్పగలిగేదాన్ని ఆర్విడ్. నువ్వు నా తమ్ముడివి, అమ్మ పోయాక నిన్ను పెంచింది నేను. కానీ ఆ బల్ల మీద ఆ వంటలన్నీ అలా చల్లారిపోతుంటే చెప్పలేకపోయాను. "తెలుసు. ఆయన నా తమ్ముడు. నా కొడుకుని ఆ గదిలోంచి ఎత్తుకొచ్చింది కూడా ఆయనే" అన్నాను. రెండూ చెప్పాను. రెండూ నిజాలే.

రోల్ఫ్ ఆ ఊరి పోలీసులకి వాంగ్మూలం రాసిచ్చాడు. పేరు పెట్టి, సంతకం పెట్టి. పేపరువాళ్ళొచ్చినా చెబుతానంటున్నాడు. టెర్రీ లండ్‌కి కూడా ఫోన్ చేశాడు, మా లైన్ మీద, ఆల్మా వింటుండగానే. ఈసారి ఆవిడ ఊపిరి కాదు, ఏడుపు వినిపించింది.

క్రెబ్స్ ఇంకా అక్కడే ఉన్నాడు. శనివారం వాళ్ళ జట్టు గెలిచిందట.

నీ చిరునామా నడీన్ అడిగింది. రాసిచ్చాను. కాలేజీది కాదు, ఇంటిది. ఆవిడకి నీ మీద కేకలెయ్యాలని లేదు, ఆ మనిషి కేకలేసే రకం కాదు. వాళ్ళ కాలేజీ డైరెక్టరు నీకు ఫోన్ చేశాడని కూడా చెప్పాను. అప్పుడు మీరిద్దరూ ఏమేం మాట్లాడుకున్నారో నీ నోటి నుంచి వినాలంటోంది. ప్రతి మాటా. బస్సులో బయలుదేరుతోంది. వచ్చే ఆదివారం మధ్యాహ్నానికి లార్చ్‌వుడ్ చేరుతుంది.

బస్సు దగ్గరికి నువ్వే వెళ్ళు. బెర్నీస్‌ని పంపకు.

అక్క